వీడియో యాటలలోని చిన్న యేర్పాటులు

వీడియో యాట నాడువారు మరల మరల దానికడకే యేల వత్తురు? బొమ్మల సొగసుచేత ననుకొంటిమి. టెట్రిసును చూచినపిమ్మట కాదని తెలిసికొంటిమి. 1984వ సంవత్సరమున మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ కల్పించిన యీ యాటలో నాలుగేసి చదరముల ముక్కలు పైనుండి దిగును. నిండిన వరుస మాయమగును. తప్పుగా పేర్చినదే కంటియెదుట నిలుచును. దానిని సరిదిద్దు కోరిక విడువదు. పైగా, రాబోవు ముక్క యొక ప్రక్కను ముందుగనే కనబడును. దానిని పేర్చి లేచెదమందుము. అంతలో మఱియొకటి కనబడును!

2012లో వెలువడిన క్యాండీ క్రష్ సాగా తంత్రము వేఱు. అందు ప్రాణములైదు. పోయిన ప్రాణ మొక్కొక్కటి తిరిగివచ్చుటకు అరగంట పట్టును. ఆ విరామమున మా యింటి పిల్లవాడు పుస్తకము పట్టునని సంతసించితిమి. పట్టెను, చూపు మాత్రము గడియారముమీదనే యుండెను.