కాయకమునకు అంగవైకల్యము లేదు



పండ్రెండవ శతాబ్దమున కల్యాణనగరమందు బసవేశ్వరుడు బోధించిన కాయకమనగా కేవలము జీవనోపాధి కాదు. ప్రతివాడును తనకు చేతనైన పనిని శ్రద్ధతో చేయవలెను. ఆ పని ఫలమును సమాజమునకు సమర్పింపవలెను. ఈ సమర్పణమే దాసోహము. అయితే పనికి ఆధారమైన శరీరమే దెబ్బతిన్నచో ఆ మనుష్యుని కాయకమేమి కావలెను? ఈ ప్రశ్నకు సమాధానమును ఒక సైనికుని జీవితమునందు వెదకుదము.

1937లో బొంబాయిలో జన్మించిన ఇయాన్ కార్డోజో భారత సైన్యమున గోర్ఖా పటాలపు అధికారి. 1971 డిసెంబరులో ఆ పటాలము హెలికాప్టర్లలో సిల్హెట్ సమీపమున దిగి పోరాడెను. ఆ ప్రాంతము నేటి బంగ్లాదేశములోనిది. అచ్చట మేజరుగా నున్న కార్డోజో మందుపాతరపై అడుగు మోపగా కాలు నుజ్జయ్యెను. స్థానికుడొకడు ఆయనను మోసికొనిపోయి పటాలమునకు చేర్చెను. నొప్పి నణచు మందు లేదు. శస్త్రచికిత్సకు పరికరములును లేవు. కుక్రీతో కాలు నరుకుమని అనుచరుని కోరగా, తనవలన కాదని అతడు వెనుదీసెను. అపుడు కార్డోజో తన కాలు తానే నరికికొనెను.

ఈ ధైర్యమును విని మనము నివ్వెరపోవుదుము. కాని మనము నేర్వవలసిన పాఠము దాని తరువాత నున్నది. చికిత్స చేయుటకు అందుబాటులో నున్నవాడు యుద్ధఖైదీయైన పాకిస్తానీ వైద్యుడు, మేజర్ మహమ్మద్ బషీర్. శత్రువు చేత చికిత్సకు కార్డోజో మొదట అంగీకరింపలేదు, పిదప ఒప్పుకొనెను. ఆ వైద్యుడు తన కాయకమును తాను చేసెను. దానికి పక్షము లేదు. సాయము చేయుటకు ఎంత మనస్సు కావలెనో, సాయము స్వీకరించుటకును అంత వినయము కావలెను.

కొయ్యకాలితో నున్న అధికారికి కుర్చీలో కూర్చుండి చేయు కొలువు సహజముగా లభించును. ఆయన దానితో తృప్తిపడలేదు. రెండు కాళ్లున్నవారితో సమానముగా శరీర దార్ఢ్య పరీక్షలకు నిలిచి, పదాతి పటాలమునకును, తరువాత బ్రిగేడునకును నాయకత్వము వహించెను. భారత సైన్యమున అంగవైకల్యముతో అట్టి బాధ్యత వహించిన మొదటి అధికారి ఆయనయే. మేజర్ జనరల్ పదవి నుండి 1993లో విరమించెను.

ఇక విశ్రమించినను కాదనువారు లేరు. అయినను ఆయన ఢిల్లీలో మస్తిష్క పక్షవాతము గలవారికై పాటుపడు సంస్థలో చేరి పనిచేసెను. 2005 నుండి 2011 వరకు భారత పునరావాస మండలికి అధ్యక్షుడుగా నుండెను. 1992 నాటి చట్టముపై నెలకొన్న ఈ మండలి, వికలాంగులకు బోధించు ఉపాధ్యాయుల యొక్కయు, చికిత్సకుల యొక్కయు శిక్షణకు ప్రమాణములు నిర్ణయించి, అర్హుల పేర్లు నమోదు చేయును. ఇది కంటికి కనబడు వీరకార్యము కాదు. కాని చెవిటి బిడ్డకు సంజ్ఞలు తెలిసిన గురువు దొరకనిచో ఆ బిడ్డ బ్రతుకంతయు మూగబోవును. యుద్ధములో పోయిన కాలు ఆయనకు ఇతరుల కష్టమును చూపు కన్నైనది.

ఇందు మన బాధ్యతయు కలదు. ఆయన సంకల్పమెంత దృఢమైనను, అవకాశమిచ్చు పై అధికారులు లేనిచో అది నెరవేరెడిది కాదు. మన ఇండ్లలో కాలు చచ్చుపడిన కుమారుని, చూపు లేని చెల్లెలిని ఎట్లు చూచుచున్నాము? “పాపము, వాడేమి చేయగలడు” అని వేళకింత అన్నము పెట్టి మూల కూర్చుండబెట్టుచున్నాము. అన్నమిచ్చి పని నిరాకరించుట సగము దాసోహమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువది యొక్క విధముల వైకల్యములను గుర్తించినది. నూటికి నలుబది పాళ్లకు తగ్గని వైకల్యము గల బాలబాలికలకు ఆరు మొదలు పదునెనిమిదేండ్ల వరకు ఉచిత విద్యను, అట్టి పెద్దలకు ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగు స్థానములను విధించినది. చట్టము తలుపు తెరచును. గడప దాటించుటకు చేయి పట్టవలసినది మనమే.

కావున ఈ పాఠము చదివినవారు తమ వీథిలో అట్టివారొకరి యొద్దకు వెళ్లుడు. “నీకేమి కావలెను?” అని మాత్రమే అడిగి ఊరకుండక, “నీవేమి చేయగలవు?” అనియు అడుగుడు. ఆ రెండవ ప్రశ్న వారిని ఇంతవరకు ఎవరును అడిగియుండకపోవచ్చును.