అతుకుల బొంత

కూడు, గుడ్డ, గూడు మనిషికి నిత్యావసరాలు. మిగిలిన కూడును పశువులకు పెడతాం. గూడు పాతబడితే మరమ్మతు చేసుకుంటాం. మరి గుడ్డ పాతబడితే ఏం చేస్తున్నాం?

మన అవ్వలకు ఈ ప్రశ్నకు జవాబు తెలుసు. పాత నేతచీరలు నాలుగైదు చేరగానే వాటిని పొరలుగా పరచి, పైన రంగురంగుల ముక్కలు అతికి, బొంత కుట్టేవారు. పలుమార్లు ఉతికిన గుడ్డ మెత్తగా ఉంటుంది. అందుకే పసిబిడ్డ ఒంటికి కొత్త గుడ్డ కంటే అదే హాయి. పొరల మధ్య గాలి నిలుస్తుంది కాబట్టి బొంత చలిని ఆపుతుంది. పొందిక లేని పనిని మనం 'అతుకుల బొంత' అని ఎగతాళి చేస్తాం. నిజానికి బొంత కుట్టడానికి ఎంతో పొందిక కావాలి. దళసరి ముక్క పక్కన మరీ పలుచని ముక్క అతికితే, ఉతికేటప్పుడు పలుచనిది ముందుగా చిరుగుతుంది.

మనం నివసిస్తున్న కర్ణాటకలోనూ ఈ కళ ఉంది. ఉత్తర కర్ణాటకలో దీనిని 'కౌది' అంటారు. ఉత్తర కన్నడ జిల్లాలోని యల్లాపుర, హళియాళ ప్రాంతాలలో సిద్ది స్త్రీలు కుట్టే బొంతలు పేరు పొందాయి. సిద్దీల పూర్వులు కొన్ని శతాబ్దాల క్రితం ఆఫ్రికా నుండి వచ్చారు. ఈ స్త్రీలు ఒక మూల కుట్టు మొదలుపెట్టి, అంచుల వెంబడి చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుకుంటారు. మూలలలో మడతపెట్టిన గుడ్డముక్కలను పువ్వులుగా కుడతారు. పువ్వులు లేని బొంత వారి దృష్టిలో పూర్తి కానట్లే.

బెంగళూరు కుట్టుపనికి పేరు పొందిన నగరం. పీణ్య, బొమ్మనహళ్లి వంటి చోట్ల దుస్తుల కర్మాగారాలలో వేలాది స్త్రీలు శ్రమిస్తున్నారు. అయితే దుస్తులు సులభంగా దొరికేకొద్దీ పారవేయడమూ పెరిగింది. ఒక్క నూలు చొక్కా తయారు కావడానికి, పత్తి పంటతో కలిపి, సుమారు 2,700 లీటర్ల నీరు పడుతుందని అంచనా. కావేరి నీటిని దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుండి తెచ్చుకునే నగరవాసులకు ఆ నీటి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. నూలు గుడ్డ మట్టిలో కలిసిపోతుంది. పాలిస్టరు గుడ్డ ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. కాలిస్తే హానికరమైన పొగ వస్తుంది.

2016లో కర్ణాటక ప్రభుత్వం ప్లాస్టిక్ చేతిసంచులను నిషేధించింది. వాటి స్థానంలో గుడ్డసంచిని మీరే తయారు చేసుకోవచ్చు. పాత ప్యాంటు కాలును తొడ దగ్గర నుండి 15 అంగుళాల పొడవున కత్తిరించండి. అది ఇదివరకే గొట్టంలా కుట్టి ఉంటుంది కాబట్టి పక్కలు కుట్టే పని లేదు. దానిని తిరగేసి, అడుగుభాగాన్ని రెండు వరుసలు కుట్టండి. సూదిని కొంచెం వెనక్కి గుచ్చి, ముందుకు తీస్తూ కుడితే కుట్టు గట్టిగా ఉంటుంది. పైఅంచును ఒక అంగుళం లోపలికి మడిచి కుట్టండి. ప్యాంటు నడుము పట్టీని విప్పి, రెండుగా కత్తిరించి, పట్టుకోవడానికి అతకండి. ఆ పట్టీలో గుడ్డ పొరలుగా ఉంటుంది కాబట్టి కూరగాయల బరువును ఆపుతుంది. మిగిలిన ముక్కలన్నీ పెన్సిలు సంచికి, జేబురుమాలుకు పనికివస్తాయి.

1999లో అంశు గుప్తా ఢిల్లీలో 'గూంజ్' అనే సంస్థను స్థాపించారు. ఆ సంస్థ నగరాలలో పాత బట్టలు సేకరించి, బాగుచేసి, పల్లెలకు చేరుస్తుంది. పల్లెవాసులు బావులు తవ్వుకొని, బాటలు వేసుకొని, ఆ శ్రమకు ప్రతిఫలంగా వాటిని అందుకుంటారు. అందువల్ల పుచ్చుకునేవారు తలవంచుకోవలసిన అవసరం లేదు. గుప్తాకు 2015లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది.

అతుకు పేదరికానికి గుర్తు అనుకోవడం పొరపాటు. అది వస్తువును, దానిని తయారుచేసిన చేతులను గౌరవించడానికి గుర్తు.

అర్థాలు
దళసరి = మందమైన
పొందిక = చక్కని అమరిక
కూడు = అన్నం

ప్రశ్నలు
1. పాత గుడ్డ పసిబిడ్డలకు ఎందుకు హాయినిస్తుంది?
2. సిద్ది స్త్రీలు బొంత కుట్టే పద్ధతిని వివరించండి.
3. గూంజ్ సంస్థ బట్టలను ఊరికే ఇవ్వకపోవడంలో ఉద్దేశమేమిటి? మీ అభిప్రాయం రాయండి.

వ్యాకరణం
నిత్య + అవసరాలు = నిత్యావసరాలు (సవర్ణదీర్ఘ సంధి)
ముక్కలు + అన్నీ = ముక్కలన్నీ (ఉత్వ సంధి)
'నాలుగైదు' పదాన్ని విడదీసి, సంధి పేరు రాయండి.

కృత్యం
మీ ఇంట్లో బొంత కుట్టడం తెలిసిన పెద్దలను అడిగి, వారు వాడే కుట్టుపని మాటలను సేకరించండి. వాటికి కన్నడంలో ఏమంటారో తోటివారిని అడిగి పట్టిక రాయండి.