లక్క ఇంటి నుంచి బుల్లితెర దాకా

అనంతపురం మెట్టనేలలో సాలుకు కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. మబ్బు పట్టినప్పుడల్లా వేరుశనగ రైతు ఆకాశం వైపు చూస్తాడు. కురుస్తుందో, తేలిపోతుందో తెలియదు. కనుక ‘ఉత్కంఠ’ అనే మాటకు అర్థాన్ని ఈ ప్రాంతపు విద్యార్థులు నిఘంటువులో వెదకవలసిన పని లేదు.

వానలు ముఖం చాటేసిన ఏడు విరాటపర్వం చదివించడం, ఆడించడం మన పల్లెలలో పాత ఆచారం. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట నేటికీ తోలుబొమ్మలకు పేరుపొందిన ఊరు. మా చిన్నతనంలో ఒక కరవు ఏట బొమ్మలాటవారు మా ఊరికి వచ్చి విరాటపర్వం ఆడారు. మరునాటి రాత్రి లక్క ఇంటి కథ ఆడారు. తెల్లని పంచె తెర, దాని వెనుక దీపం, రంగులద్దిన తోలుబొమ్మలు. పాండవులు బతికి బయటపడతారని చూసేవారందరికీ తెలుసు. అయినా తెర మీద మంట లేచినప్పుడు ఊరంతా ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలో ముందు వరుసలోని ఒక అవ్వ, “ఆ తల్లీబిడ్డలేం పాపం చేసినారప్పా?” అన్నది. ఆమె ఎవరిని గూర్చి అడిగిందో అప్పుడు నాకు బోధపడలేదు.

రానున్న ప్రమాదం ప్రేక్షకునికి ముందే తెలిసి, దానిని ఆపవలసిన గడువు క్షణక్షణమూ తరిగిపోతూ ఉండే కథను నేడు థ్రిల్లర్ అంటున్నాము. ఉగ్రవాద దాడిని ఆపడం ఈ కథలకు మిక్కిలి ఇష్టమైన వస్తువు. 2001లో అమెరికా టెలివిజన్‌లో మొదలైన ‘24’ అనే ధారావాహికలో ఒక్కొక్క భాగం ఒక్కొక్క గంట. ఇరవై నాలుగు భాగాలు కలిస్తే ఒక దినం. తెర మీద గడియారమే ప్రతినాయకుడు.

పేరు కొత్తదే కాని అల్లిక పాతది. ఆదిపర్వంలో నన్నయ తెలుగు చేసిన లక్క ఇంటి కథను ఈ దృష్టితో మరొకమారు చదవండి. దుర్యోధనుడు పురోచనుని వారణావతానికి పంపి లక్క, నెయ్యి వంటి మండే వస్తువులతో ఇల్లు కట్టించాడు. విదురుడు ఆ కుట్రను పసిగట్టాడు. పదిమంది నడుమ ధర్మరాజుకు మాత్రమే అర్థమయ్యేటట్లు గూఢంగా మాట్లాడి హెచ్చరించాడు. కార్చిచ్చు అడవిని కాల్చగలదు కాని కలుగులో దాగినదానిని కాల్చలేదన్నది అందులో ఒక సూచన. పిమ్మట సొరంగాలు త్రవ్వడంలో నేర్పరియైన ఖనకుని రహస్యంగా పంపాడు. కృష్ణపక్ష చతుర్దశి రాత్రి నిప్పు పెడతారన్న సమాచారం అతని ద్వారానే అందింది. పాండవులు ఏమీ ఎరుగనివారివలె సుమారు ఏడాదికాలం అదే ఇంట కాపురం చేశారు. వేగు, గూఢభాష, గడువు, నటన. ఈనాటి రచయితకు ఇంతకంటె కావలసినదేమున్నది? ఆయుధం పట్టిన భీముని కంటె మన్ను త్రవ్విన ఖనకుడే ఈ ఘట్టానికి నిజమైన నాయకుడని నా అభిప్రాయం.

ఇక మన కాలానికి వద్దాము. 2019 సెప్టెంబరులో ఇంటర్నెట్ ద్వారా విడుదలైన ‘ద ఫ్యామిలీ మేన్’ హిందీ ధారావాహికను రూపొందించినవారు రాయలసీమ బిడ్డలే. తిరుపతికి చెందిన రాజ్ నిడిమోరు, చిత్తూరుకు చెందిన కృష్ణ డి.కె. అనే ఈ ఇద్దరు మిత్రులు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలలో చదివారు. ఇందులో నాయకుడు శ్రీకాంత్ తివారీ. మనోజ్ బాజ్‌పాయ్ ధరించిన ఈ పాత్ర గూఢచారి అయినా గాలిలో ఎగిరే వీరుడు కాదు. ఇంటి అప్పు కోసం తంటాలు పడతాడు. తాను చేసే పని ఎటువంటిదో ఇంట్లో చెప్పుకోలేడు. తొలి భాగంలోని పది ఎపిసోడ్లూ ఒక విషవాయు దాడిని ఆపే ప్రయత్నం చుట్టూ తిరుగుతాయి. చివరకు దాడి ఆగినదో లేదో తేలకముందే తెర పడుతుంది. రెండవ భాగం 2021 జూన్‌లో గాని రాలేదు!

అయితే ఆ ధారావాహికలో నన్ను ఎక్కువగా కలచివేసినది విషవాయువు కాదు, కరీమ్ అనే కళాశాల విద్యార్థి పాత్ర. అతడు తలపెట్టినది ఒక నిరసన. దానినే దాడిగా అనుమానించిన అధికారులు అతనిని వెంబడించి కాల్చివేస్తారు. అతడు నిర్దోషి అని తెలుస్తుంది. తెలిసిన పిమ్మట కూడ యంత్రాంగం వెంటనే నిజం చెప్పదు. శ్రీకాంత్‌ను ఆ తప్పు వెన్నాడుతుంది. దాడిని ఆపిన వారిని పొగిడే కథలు కొల్లలు. ఆపబోయి చేసిన తప్పును లెక్కలో వేసే కథలు అరుదు.

ఇది కల్పనకు పరిమితమైన విషయం కాదు. 2007 ఆగస్టు 25న హైదరాబాదులో లుంబినీ పార్కులోను, కోఠిలోని గోకుల్ చాట్ వద్దను బాంబులు పేలి నలభై మందికి పైగా మరణించారు. అదే రోజున దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు ఒకటి దొరికింది. దానిని నిర్వీర్యం చేశారు. పేలిన బాంబులు 2021లో ‘వైల్డ్ డాగ్’ అనే తెలుగు చిత్రానికి నేపథ్యమైనాయి. పేలని బాంబును తలచుకొనేవారు తక్కువ. అదే సంవత్సరం మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత అనుమానంతో నిర్బంధించిన పలువురు యువకులు కాలక్రమంలో నిర్దోషులుగా బయటపడ్డారు. బాంబును వెదకడం ఎంత అవసరమో, వెదికే చేయి ఎవరి భుజం మీద పడుతున్నదో చూసుకోవడమూ అంతే అవసరం.

అవ్వ అడిగిన ప్రశ్న భారతం పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు నాకు మరల ఎదురైనది. ఆ రాత్రి లక్క ఇంటిలో ఒక నిషాద స్త్రీ తన ఐదుగురు కొడుకులతో భోజనం చేసి, మద్యపు మత్తులో అక్కడే నిద్రపోయింది. భీముడు నిప్పు పెట్టాడు. పాండవులు తల్లితో కూడ సొరంగం దారిన వెలుపలికి వెళ్ళారు. తెల్లవారిన తరువాత పురజనులు బూడిద త్రవ్వి ఆరు శవాలను చూచి కుంతీ పాండవుల కోసమే విలపించారు. ఖనకుడు ఆ గుంపులో కలిసి సొరంగపు నోరు పూడ్చివేశాడు. హస్తినాపురంలో చనిపోని వారికి తర్పణాలు విడిచారు. చనిపోయిన ఆ తల్లికి మాత్రం కథలో పేరు కూడ లేదు.