అంచు దగ్గర అవకలజం ఎంత పెరుగుతుంది?

ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివి, తర్వాత ఎమ్మెస్సీ గణితంలో చేరిన మన చిలమత్తూరు హాస్టల్ విద్యార్థులకు కాంప్లెక్స్ ఎనాలిసిస్ పేపరంటే భయం. మాకూ ఉండేది. ఆ పేపరులో మేము తప్పు రాసి మార్కులు పోగొట్టుకున్న ఒక విషయం తమ్ముళ్ళకు చెబుదామని ఈ వ్యాసం. "ప్రమేయం పరిబద్ధమైతే దాని అవకలజం కూడా పరిబద్ధమే" అని రాశాము. అది తప్పు. అయితే పూర్తిగా తప్పు కాదు, అక్కడే ఉంది అసలు సంగతి.

ముందు వాస్తవ సంఖ్యలతో చూద్దాం. చిలమత్తూరు, హిందూపురం మధ్య తిరిగే బస్సు ఆ రెండు ఊర్లు దాటిపోదు. కానీ ఆ హద్దును బట్టి బస్సు వేగం ఎంతో చెప్పలేము. సైన్ 10ఎక్స్ కూడా అంతే. దాని విలువ 1 దాటదు, సున్న దగ్గర అవకలజం మాత్రం 10. పది బదులు వెయ్యి పెడితే అవకలజం వెయ్యి.

ఇప్పుడు యూనిట్ డిస్కుకు వద్దాం. మాపం 1 కంటే తక్కువ ఉన్న సంకీర్ణ సంఖ్యల సమితి అది. మన అన్నం పళ్ళెం అనుకోండి, అంచు మాత్రం లెక్కలోకి రాదు. ఇక్కడ సైన్ 10జెడ్ 1 లోపల ఉండదు. జెడ్ 'ఐ' వైపు పోయేకొద్దీ దాని మాపం సుమారు 11,013కు చేరువవుతుంది. అంటే ఎనలిటిక్ ప్రమేయం లోపల వేగంగా మారాలంటే ఎక్కడో ఒకచోట పెద్దది కాక తప్పదు.

దీనికి కోషీ ఇచ్చిన కొలత ఇది. డిస్కులో ప్రమేయం మాపం 1 దాటకపోతే, కేంద్రం నుంచి ఆర్ దూరంలో అవకలజం మాపం 1 ÷ (1 − ఆర్) దాటదు. ఆ బిందువు చుట్టూ అంచు తగలకుండా ఒక వృత్తం గీయండి. దాని మీది విలువలను, మాపం మారకుండా, తగిన కోణంలో తిప్పి సగటు తీసి వ్యాసార్ధంతో భాగిస్తే అవకలజం వస్తుంది. అంచు దగ్గరపడితే వృత్తం చిన్నదవుతుంది, హద్దు పెరుగుతుంది. అంతే కిటుకు.

ష్వార్జ్–పిక్ సిద్ధాంతం దీన్ని ఇంకా బిగించి 1 ÷ (1 − ఆర్²) అంటుంది. ఆర్ 0.99 అయితే కోషీ హద్దు 100, పిక్ హద్దు సుమారు 50.25. ఇంతకంటే తగ్గించలేము, ఎందుకంటే (జెడ్ − 0.99) ÷ (1 − 0.99జెడ్) అనే ప్రమేయం 0.99 దగ్గర సరిగ్గా ఆ హద్దును అందుకుంటుంది.

మరి మా తప్పు ఎక్కడ? √(1 − జెడ్) తీసుకోండి. దాని మాపం √2 దాటదు. అవకలజం మాపం 0.99 దగ్గర 5, 0.9999 దగ్గర 50. అలా పెరుగుతూనే పోతుంది. కేంద్రానికి దగ్గరగా ఉన్నంతవరకు మేము రాసింది నిజమే, అంచుదాకా పోతే చెల్లదు.

తిరగేసి అడిగినా జాగ్రత్త. −లాగ్(1 − జెడ్) అవకలజం 1 ÷ (1 − జెడ్). ఇది కోషీ హద్దు లోపలే ఉంటుంది, అయినా ప్రమేయం మాత్రం పరిబద్ధం కాదు. అదే అవకలజం 1 ÷ √(1 − ఆర్) లాగా కాస్త నెమ్మదిగా పెరిగితే, ప్రమేయం అంచు మీదికి కూడా అవిచ్ఛిన్నంగా సాగుతుంది. దీన్ని నిరూపించినవారు లిటిల్‌వుడ్, మన రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించుకున్న ఆ హార్డీ.

ఒక లెక్క మీకు వదిలేస్తున్నాం. జెడ్ 100వ ఘాతానికి కేంద్రం దగ్గర అవకలజం సున్న. 0.99 దగ్గర ఎంతో కట్టి, పిక్ హద్దు 50.25తో పోల్చి చూడండి. మాకు సుమారు 37 వచ్చింది.