పటంలో దేవుడు

తెలుగు రైతులు ఏరువాక పున్నమిగా పాటించే జ్యేష్ఠ పూర్ణిమనాడు ఒడిశాలోని పూరీ క్షేత్రంలో జగన్నాథ, బలభద్ర, సుభద్రలకు స్నానోత్సవం జరుగుతుంది. 108 కుండల నీటితో స్నానం చేసినందువల్ల దేవతలకు జ్వరం వస్తుందని భక్తుల నమ్మకం. సుమారు 15 దినాలు మూలమూర్తుల దర్శనం ఉండదు. ఈ కాలాన్ని 'అనసర' అంటారు. మరి అన్ని రోజులు పూజలు ఎవరికి? గుడ్డపై చిత్రించిన మూడు పటాలకు. వాటినే 'అనసర పట్టి' అంటారు.

ఈ పటాలలో ఒక విశేషం ఉన్నది. పూరీలోని దారువిగ్రహాలకు పాదాలు లేవు. సుభద్రకు చేతులు కూడా కనిపించవు. పటంలో మాత్రం జగన్నాథుడు నల్లని మేనితో, నాలుగు చేతులతో కూర్చున్న నారాయణుడు. బలభద్రుడు తెలుపు, సుభద్ర పసుపు. విగ్రహంలో లేని అవయవాలన్నీ చిత్రకారుని కుంచె సమకూర్చింది! అయితే అతడు తన ఇష్టం వచ్చినట్లు గీయడు. రంగు, ఆయుధం, ఆసనం అన్నీ సంప్రదాయం నిర్ణయించినవే. పట్టి వ్రాసే రోజులలో చిత్రకారుడు ఒంటిపూట భోజనంతో నియమంగా ఉంటాడు.

ఒడిశా పటచిత్రాలకు పేరుపడిన ఊరు పూరీకి సమీపంలోని రఘురాజపురం. అక్కడ చింతగింజలను నానబెట్టి, నూరి, ఉడికించి జిగురు తీస్తారు. ఆ జిగురుతో రెండు గుడ్డలను అతికి, సుద్దపొడి పూసి, ఆరిన తరువాత రాతితో నున్నగా రుద్దుతారు. ఈ పనిలో స్త్రీల శ్రమ ఎక్కువ. బొమ్మ క్రింద పేరు మాత్రం చాలాకాలం పురుషులదే. శంఖపు పొడి తెలుపు, అరిదళం పసుపు, ఇంగిలీకం ఎరుపు, దీపపు మసి నలుపు. రంగు నిలవడానికి వెలగబంక కలుపుతారు.

దేవాలయ సేవ గౌరవమే గాని, దానితో అందరి కడుపులు నిండవు. 1950 ప్రాంతానికి అనేకులు కుంచె వదలి ఇతర పనులకు పోయారు. ఆ దశకంలో హలీనా జీలీ అనే విదేశీ వనిత ప్రోత్సాహంతో కొందరు తిరిగి పటం పట్టారు. అప్పటినుండి బయటివారు కొనుక్కొనే పటాలు పెరిగాయి. వాటికి ఒంటిపూట నియమం లేదు.

2019 మే 3న ఫొని తుపాను ఈ ఊరిని దెబ్బతీసింది. ఇంటి గోడలపై చిత్రాలు చెడిపోయాయి. అమ్మకానికి సిద్ధమైన పటాలు తడిసిపోయాయి. చింతగింజల జిగురు నానితే పొరలు విడిపోతాయి. అటువంటి పటం ఆరబెట్టినా పనికిరాదు. చిత్రకారులు మళ్ళీ చింతగింజలు నానబోయడం నుండే పని మొదలుపెట్టవలసి వచ్చింది.