ఆకలి తీరదు, బీపీ తగ్గదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 44 ఏళ్లు. బరువు 94 కిలోలు. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. కడుపునిండా తిన్నా గంట తిరక్కుండానే మళ్లీ ఏదో ఒకటి తినాలనిపిస్తుంది. ‘నోరు కట్టుకుంటే అన్నీ అవే సర్దుకుంటాయి’ అని మా అత్తగారు రోజూ అంటారు. ఆకలికీ బీపీకీ నిజంగా సంబంధం ఉందా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉందమ్మా. నోరు కట్టుకోలేకపోవడం మీ తప్పేనని మాత్రం అనుకోకండి.

మన కొవ్వు కణాల్లో లెప్టిన్ అనే హార్మోన్ తయారవుతుంది. 1994లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దీన్ని కనిపెట్టింది. ‘నిల్వలు చాలు, ఇక తినక్కర్లేదు’ అని మెదడుకు కబురందించడం దీని పని. ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ లెప్టిన్ కూడా పెరుగుతుంది. అలాగైతే లావుగా ఉన్నవాళ్లకు ఆకలి తగ్గాలి కదా? తగ్గదు. ఎడతెరిపి లేకుండా వచ్చే ఆ కబురును మెదడు పట్టించుకోవడం మానేస్తుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. ఆకలి విషయంలో లెప్టిన్ మాట వినని మెదడు, కిడ్నీలకు వెళ్లే సింపథెటిక్ నరాలను ఉసిగొల్పే విషయంలో మాత్రం వింటూనే ఉంటుంది. దాంతో కిడ్నీలు ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి, బీపీ ఎక్కుతుంది. పుట్టుకతోనే లెప్టిన్ తయారుకానివాళ్లు చాలా అరుదుగా ఉంటారు. వాళ్లు విపరీతంగా లావెక్కినా, ఆ లావుకు తగ్గ బీపీ సాధారణంగా కనిపించదు. ఈ సంగతి మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.

ఇక మీరు చేయాల్సినవి. పూటలు మానేసి కడుపు మాడ్చుకోకండి, తర్వాతి పూట రెట్టింపు తింటారు. కంచంలో అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, కూర పెంచండి, ఆకలి కాస్త ఆగుతుంది. ఉప్పు రోజంతా కలిపి 5 గ్రాములు దాటకూడదు. ఆవకాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. నిద్ర తక్కువైతే ఆకలి పెరుగుతుంది. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందని ఇంట్లోవాళ్లు చెబితే పరీక్ష చేయించుకోండి. మందులకు లొంగని బీపీకి అదీ ఒక కారణమే.

మరో సంగతి: బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ మీ జబ్బకు సరిపోతోందా? లావు చేతికి చిన్న పట్టీ బిగిస్తే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: మావారు 10 కిలోలు తగ్గారు. బీపీ 118/76 ఉంది. మాత్ర ఆపేస్తానంటున్నారు. కానీ ఆకలి మునుపటికంటే ఎక్కువైందట. ఎందుకండీ?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: సొంతంగా ఆపనివ్వకండి. కొవ్వు కరగగానే లెప్టిన్ పడిపోతుంది. జీర్ణాశయం నుంచి వచ్చే గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ పెరుగుతుంది. పోయిన బరువును తిరిగి రాబట్టుకోవాలని శరీరం చేసే ప్రయత్నమిది. ఏడాది గడిచినా తగ్గకపోవచ్చు. అలా బరువు మళ్లీ పెరిగితే బీపీ కూడా వెనకే వస్తుంది.

కిలో బరువు తగ్గితే పై బీపీ సుమారు ఒక పాయింటు తగ్గుతుంది కాబట్టి, ఆయన మాత్ర మోతాదు తగ్గించే అవకాశం ఉంది. ఓ వారం ఇంట్లో ఉదయం, సాయంత్రం బీపీ చూసి రాసుకుని, ఆ కాగితం డాక్టరుకు చూపించండి. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే మాత్రం వారం ఆగొద్దు, వెంటనే తీసుకెళ్లండి.