క్రొత్త యింట బెదురు పిల్లి

మన హైదరాబాదున 1992లో స్థాపింపబడిన బ్లూక్రాస్ వంటి సంఘములు దిక్కులేని జంతువులను సంరక్షించి, కోరినవారికి పెంపకమున కిచ్చుచున్నవి. అట్టి పిల్లి నొకదానిని సైదాబాదులోని యింటికి దెచ్చినతోడనే అది మంచము క్రింద దూరి రెండు మూడు దినములు వెలికి రాకపోవచ్చును. పిల్లలు చేయి చాచి లాగజూతురు. అట్లు చేయరాదు. గదిలో బంధించి కొట్టిన పిల్లియు తిరుగబడునని మన పెద్దలు చెప్పుదురు గదా!

పిల్లి తన చోటును వాసనచే గుర్తించును. క్రొత్త యింట దాని వాసన యెచ్చటను లేదు; దాగుటయే దానికి రక్షణ. హాలండు పండితులు 2014లో ప్రకటించిన పరిశోధనలో, శరణాలయమున క్రొత్తగా జేరిన 19 పిల్లులలో దాగుటకు పెట్టెలు గలవి త్వరగా కుదుటపడినవి.

కావున నొక చిన్న గదిని దానికి విడువుడు. మూల నొక అట్టపెట్టెను ప్రక్కకు బొరలించి, శరణాలయమున అది పండుకొన్న గుడ్డనే అడిగి తెచ్చి, ఉతుకక లోన పరచుడు. ఇసుక పళ్ళెము ఆహారమునకు దూరముగా నుండవలెను. తలుపు మూసియుంచుట ముఖ్యము. సందులలో కుక్కలకు, వాహనములకు జడిసి పరుగెత్తిన పిల్లి తిరిగివచ్చు దారి యెరుగదు.

బడినుండి వచ్చిన పిమ్మట బాలకులు ఆ గదిలో నేలపై గూర్చుండి మెల్లగా పాఠము చదువుకొనవచ్చును, పాఠమునకును లాభమే. దానివంక తేరిపార జూడక, చూపు కలసినప్పుడు కన్నులు మెల్లగా మూసి తెరువుడు. ఇట్లు చేసినవారి చెంతకు పిల్లులు ఎక్కువగా వచ్చినట్లు ఇంగ్లండు పండితులు 2020లో తెలిపిరి.

పాలు పోయుట మన వాడుకయేగాని, పెరిగిన పిల్లులు పెక్కింటికి పాలు జీర్ణము కావు. ఒక పగలు, ఒక రాత్రి ఏమియు దినకున్నచో పశువైద్యునకు జూపవలెను. నిరాహారమువలన దాని కాలేయము చెడును. కరచినను, గీరినను గాయమును సబ్బుతో 15 నిమిషములు కడిగి వెంటనే వైద్యశాలకు బోవలెను.

ఒకనాడది తానై వచ్చి బల్లకాలికి చెక్కిలి రాయును. తన వాసన నచ్చట నిలుపుచున్నదన్నమాట. అప్పుడు రెండవ గది తలుపు తెరవవచ్చును.